ఇళ్లే వలస వచ్చిన కొండ

స్టాక్‌హోమ్‌లోని ఆరుబయలు మ్యూజియం స్కాన్సెన్‌లో ప్రదర్శనకు పెట్టింది వస్తువులనే కాదు, ఏకంగా ఇళ్లనే. కర్మాగారాల కాలంలో పల్లె బతుకు కరిగిపోతోందని దిగులుపడిన ఆర్తుర్ హసేలియస్ అనే పండితుడు, పాత ఇళ్లు కొని, విప్పి తెచ్చి, ఈ కొండ మీద మళ్లీ కట్టించి 1891లో జనానికి తెరిచాడు.

నాకు బాగా నచ్చింది స్వీడన్‌లోని హల్లాండ్ ప్రాంతపు రైతుల ఓక్‌టోర్ప్ ఇల్లు. రెండు ఎత్తైన కొట్ల మధ్య పొట్టి నివాసగది, దాని కప్పు మీద పచ్చగడ్డి! ఆనాటి దుస్తుల్లో ఉన్న సిబ్బందిని ఎన్ని ప్రశ్నలైనా అడగొచ్చు. నేను విసిగించాను కూడా. ఇక్కడి జంతుశాలలోని ఎలుగుబంట్లను చూసే పని పిల్లలకు వదిలేశాను. 1916లో ఇక్కడికి తరలించిన సెగ్లోరా చెక్క చర్చిలో ఇప్పటికీ పెళ్లిళ్లు జరుగుతాయి.