ముసలితనము రోగము పేరు కాదు

హామ్‌స్టరులను పెంచువారు నా యొద్దకు వచ్చి, అది తిండి మానినదనియో, బొచ్చు రాలుచున్నదనియో, పొట్ట ఉబ్బినదనియో చెప్పి, నేను నోరు తెరవకమునుపే “వయసైపోయింది లెండి, మాస్టారూ” అని తమ ప్రశ్నకు తామే సమాధానము చెప్పుకొని పోవుట కొన్నియేండ్లుగా పరిపాటియైనది. ముప్పది యేండ్లు జంతుశాస్త్రము బోధించి విశ్రాంతి గైకొన్న నాకు ఈ మాట వినినప్పుడెల్ల చిరాకు గలుగును. ఏలయన, వయస్సు రోగములు రాదగిన కాలమును సూచించునే గాని, వచ్చిన రోగమేదో చెప్పదు.

ఈ ప్రాణి ఆయువు రెండు మూడేండ్లు మాత్రమే. 18 నెలలు నిండినదానిని వృద్ధప్రాణిగా నెంచవచ్చును. నిమిషమునకు 300 మొదలు 500 సార్లు కొట్టుకొను గుండె గల ఈ జీవికి మన వారము దినములు ఇంచుమించు అర్ధసంవత్సరము. “వచ్చే ఆదివారం చూద్దాం” అని మనము వాయిదా వేసినప్పుడు, దాని లెక్కలో ఆరునెలలు వాయిదా వేసినట్లే.

ఇచట ప్రసంగము దారి తప్పునేమో గాని, ఒక్క మాట చెప్పక యుండలేను. మన అంగళ్లలో బంగారు వన్నెతో కనబడు సిరియా హామ్‌స్టరును వాటర్‌హౌస్ అను ఆంగ్లేయుడు 1839లో వర్ణించెను. 1930లో అహరోని అను జంతుశాస్త్రజ్ఞుడు అలెప్పో సమీపమున ఒక బొరియ త్రవ్వించి, తల్లిని పిల్లలతో పట్టించి, పిల్లలను జెరూసలేమునకు చేర్చెను. అచట వానిని కోరినది ముచ్చటకై పెంచువారు కారు, కాలా-అజార్ జ్వరమును పరిశోధించువారు; మన ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి కలకత్తాలో యూరియా స్టిబమైన్ అను మందు కనుగొన్నది ఆ జ్వరమునకే. నేడు లోకమున ఇండ్లలో పెరుగుచున్న సిరియా హామ్‌స్టరులు దాదాపన్నియు ఆ యొక్క బొరియ సంతానమే. నేలక్రింద చల్లని చీకటిలో దాగి, బయటికి వచ్చినప్పుడు గ్రుడ్లగూబకును నక్కకును చిక్కకుండ తిరుగవలసిన జాతి యగుటచే, నొప్పిని బయట పెట్టుట దాని స్వభావములో లేదు. అది రోగిష్టి యని మనకు తెలియునప్పటికి రోగము చాల దూరము నడచియుండును.

పాత పెంకుటింటిలో కాపురము చేసినవారికి నేను చెప్పబోవునది సులభముగా బోధపడును. పెంకు పగులునది దూలము కడ; వాననీరు వాసము వెంట జారిజారి వంటింటి గోడమీద మరకయై తేలును. మరకమీద సున్నము వేసినవాడు ఇల్లు బాగుచేసినవాడు కాడు. ముసలి హామ్‌స్టరు దేహమును ఇట్టి యిల్లే. రెండు డొక్కలమీదను సమముగా బొచ్చు రాలి, చర్మము పలుచనై, నీరు విపరీతముగా త్రాగుచున్నచో, పగిలిన పెంకు చర్మమున గాక అడ్రినల్ గ్రంథుల యందున్నదేమో యని శంకింపవలెను; దానిని కుషింగ్ వ్యాధి యందురు. పొట్ట నీరుపట్టినచో మూత్రపిండములను తలచుకొనవలెను: అమిలాయిడ్ అను మాంసకృత్తు వానియందు పేరుకొని, సన్నని జల్లెడలు కావలసినవానిని చిల్లికుండలుగా మార్చును. ఈ వ్యాధి ఆడవానిలో మెండు. పడుకొనియుండగనే డొక్కలు ఎగసిపడుచుండిన, గుండె కర్ణికలో నెత్తురు గడ్డకట్టినదేమో చూడవలెను. ఈ యుపమానమును ఇంకను సాగదీసినచో అటకమీది యెలుక ప్రసక్తి వచ్చును గాని, ఇచట ఇల్లే యెలుకకు చుట్టము గనుక అంతటితో ఆపుదును.

క్రిందటి మాఘమాసమున మా పొరుగింటి గృహస్థు ఒకడు తన మగ హామ్‌స్టరును చేతిగుడ్డలో చుట్టి తెచ్చి, డొక్కమీది బొచ్చు వ్రేలితో పాయదీసి, కందిగింజంత నల్లని మచ్చ చూపి, “క్యాన్సరేమోనండీ, మాస్టారూ, మా అమ్మాయి రాత్రి నుంచి ఏడుస్తోంది” అనెను. నేను దానిని రెండవ ప్రక్కకు త్రిప్పితిని. అచటను, సరిగా అదే చోట, అంతే మచ్చ. అవి క్యాన్సరు కావు. తన యెల్లలకు గుర్తుగా వాసన పూయుటకై పుట్టుకతోనే వచ్చిన గ్రంథులు. వయస్సుతో బొచ్చు పలుచబడగా బయటపడినవి, అంతే. అయితే చేతిలోని ప్రాణి వెన్నుపూసలు నా వ్రేళ్లకు జపమాలవలె తగులుచుండెను. పెదవి తొలగించి చూడగా, క్రింది పండ్లు రెండును వంకరగా పెరిగి పైయంగిలిని తాకుచున్నవి. హామ్‌స్టరు ముందరి పండ్లు బ్రతికినంతకాలము పెరుగుచునే యుండును. ఒకదానితో నొకటి అరుగుట తప్పినచో నోరే మూతపడును. పశువైద్యుడు వానిని కత్తిరించిన మరునాడే అది ఉడికించిన బఠాణీ తినినది. లేని రోగమునకు ఏడ్చి, ఉన్న రోగమును ముసలితనమనుకొనిన కుటుంబమది.

ఇంతకన్న ఘోరమైన పొరపాటు ఒకటి గలదు. దానిని కొంత విస్తరించి చెప్పెదను. ముసలి హామ్‌స్టరు చెంపసంచిలో చీముగడ్డ లేచినది. ఇంటిలో పిల్లవాని దగ్గుజ్వరమునకు తెచ్చిన అమాక్సిసిలిన్ సిరప్పు మిగిలియున్నది. పసిబిడ్డకే పట్టినది దీనికి పట్టదా యని రెండు చుక్కలు నోటిలో వేయుదురు. హామ్‌స్టరు ప్రేగులలో, ముఖ్యముగా అంధనాళమున, ఆహారమును పులియబెట్టి జీర్ణమునకు తోడ్పడు సూక్ష్మజీవులు కోట్లకొలది కాపురముండును. ఈ మందు వానిలో మంచివారిని ముందుగా హతమార్చును. ఊరు ఖాళీ కాగా, అంతవరకు మూలనణగియుండిన క్లోస్ట్రిడియమ్ డిఫిసిలే అను దుష్టజీవి వీధులన్నియు ఆక్రమించి విషము స్రవించును. ఆ విషముచే ప్రేగుగోడ పుండుపడి, విరేచనములు పట్టుకొని, కొలది దినములలోనే ప్రాణి మరణించును. చీముగడ్డ చంపినదని యజమాని తలచును, చంపినది సిరప్పు. పెన్సిలిన్, ఆంపిసిలిన్, ఎరిత్రోమైసిన్, క్లిండమైసిన్ ఈ కోవలోనివే. దీనికి పనికివచ్చు మందులు వేరే గలవు. వాని యెంపిక పశువైద్యునిది, మన బీరువాది కాదు.

ఇక దిష్టి తగిలినదని ఎండుమిరపకాయలు తిప్పి పంజరము ప్రక్కనే నిప్పులలో వేయువారిని చూచితిని. ఆ ఘాటునకు మనుష్యులే దగ్గి బయటికి పరుగెత్తుచుండగా, పరుగెత్తుటకు చోటులేని ఆ చిన్న ఊపిరితిత్తుల గతియేమి? ఇంటివారికి రావలసిన గండమును పెంపుడుజీవి తనపై వేసికొని పోవునని ఊరడిల్లువారును గలరు. రావలసినది గండము కాదు, వైద్యుడు.

ముసలిదానికి మేడలు మిద్దెలు వలదు. పంజరము ఒకే అంతస్తుగా నుంచి, నీటిసీసా గొట్టమును దించి, మెత్తని పరుపు వేయవలెను. మన వేసవి దానికి మృత్యువుతో సమానము. గది 30 డిగ్రీలు దాటకమునుపే చల్లని నేలగదికి మార్చవలెను.

ఇవన్నియు మరచినను, ఒక్కటి మరువకుడు. వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసుమీద స్టీలుగిన్నె పెట్టి, సున్న చేసి, ప్రతి ఆదివారము హామ్‌స్టరును అందుంచి తూచి, గోడనున్న క్యాలెండరుమీద ఆ తేది గడిలోనే అంకె వ్రాయుడు. తూకము పెరుగుచు వెన్నుపూసలు మాత్రము తేలుచున్నచో పెరిగినది కండ కాదు, నీరో గడ్డయో. పదవవంతు తగ్గినచో ఆ సాయంకాలమే వైద్యునియొద్దకు పొండు. 120 గ్రాముల ప్రాణి 12 గ్రాములు తగ్గుట, 60 కిలోల మనుష్యుడు 6 కిలోలు తగ్గుటతో సమానము.