35 మార్కులు 3 ఎలా అయ్యాయి?

ఒక కళాశాల మార్కుల వివరాలన్నీ కంప్యూటరులో ఉన్నాయనుకోండి. నెలకొకసారి రాత్రిపూట ఆ డేటాబేస్‌ను సరిచూసి, ఇండెక్సులను మళ్ళీ తయారుచేస్తారు. ఒకసారి ఆ పని మధ్యలో ఆగిపోయి, ఫలానా పేజీలో తప్పుందని తెరమీద కనబడింది. మళ్ళీ నడిపితే ఆ పేజీ బాగానే ఉంది, తప్పు వేరొక పేజీలో చూపింది. మూడోసారి ఏ తప్పూ లేదు! ఇదేమి వింత?

తప్పు డిస్కు మీదే ఉంటే ఎన్నిసార్లు చదివినా సాధారణంగా అదే చోట కనిపించాలి కదా! చోటు మారుతోందంటే, డిస్కు నుంచి తెచ్చిన సమాచారాన్ని కాసేపు దాచి ఉంచే ర్యామ్‌ను ముందుగా అనుమానించాలి.

ర్యామ్ చిప్‌లో కోట్లకొద్దీ అతిచిన్న కెపాసిటర్లుంటాయి. విద్యుదావేశం ఉంటే 1, లేకపోతే 0 అని స్థూలంగా అనుకోవచ్చు. ఈ ఆవేశం చిల్లికుండలో నీరులా కారిపోతూ ఉంటుంది. అందుకే సాధారణంగా 64 మిల్లీసెకన్లలోగా ప్రతి గడినీ మళ్ళీ నింపుతారు. బలహీనమైన గడి అయితే, పైగా చిప్ వేడెక్కితే, నింపే వంతు రాకముందే ఖాళీ అవుతుంది. 35ను ద్విసంఖ్యామానంలో 100011 అని రాస్తాం. మొదటి 1 కాస్తా 0 అయితే మిగిలేది 000011, అంటే 3. గట్టెక్కిన విద్యార్థి తప్పినట్లే!

మరి పగలంతా లేని తప్పు ఆ రాత్రే ఎందుకు? మామూలుగా కంప్యూటరు తనకు కావలసిన కొద్ది పేజీలే చదువుతుంది. ఇండెక్సు తయారీలో డేటా అంతా ర్యామ్ గుండా పోవాలి. అరుదుగా తాకే గడులు కూడా వాడుకలోకి వస్తాయి, చిప్‌లూ వేడెక్కుతాయి.

బాగున్న గడి కూడా ఒక్కోసారి తప్పుతుంది. చిప్‌ల పింగాణీ తొడుగులో లేశమాత్రంగా ఉన్న యురేనియం, థోరియం వెదజల్లే ఆల్ఫా కణాలు బిట్లను మార్చగలవని 1978లో ఇంటెల్ శాస్త్రజ్ఞులు మే, వుడ్స్ చూపించారు. విశ్వకిరణాల వల్ల పుట్టే న్యూట్రాన్లు కూడా ఇదే పని చేస్తాయి. 2003లో బెల్జియంలోని స్కార్‌బీక్‌లో ఒక అభ్యర్థికి 4096 ఓట్లు అదనంగా పడ్డాయి. 4096 అంటే 2ను పన్నెండుసార్లు గుణిస్తే వచ్చే సంఖ్య, అంటే సరిగ్గా ఒక్క బిట్! విశ్వకిరణమే కారణమని కొందరి ఊహ, రుజువు మాత్రం లేదు. అయినా ప్రతిదానికీ ఆకాశాన్ని నిందించకండి. గూగుల్ సర్వర్లను రెండున్నరేళ్ళు పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనం, మెమరీ తప్పుల్లో ఎక్కువ భాగం చెడిన భాగాల వల్లనే కావచ్చని తేల్చింది.

దీనికి విరుగుడు ఉంది. 100011లో మూడు 1లున్నాయి. పక్కన ఇంకొక 1 చేర్చి వాటిని సరిసంఖ్య చేద్దాం. ఒక బిట్ మారితే 1ల సంఖ్య బేసి అవుతుంది, తప్పు పట్టుబడుతుంది. కానీ ఏ బిట్ మారిందో తెలియదు. అదీ తెలిసే ఉపాయాన్ని బెల్ ప్రయోగశాలలకు చెందిన రిచర్డ్ హామింగ్ 1950లో ప్రకటించాడు. బిట్లను ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయే గుంపులుగా విడదీసి, గుంపుకొక తనిఖీ బిట్ ఇస్తే, ఏయే గుంపులు తప్పాయన్నదే మారిన బిట్ చిరునామా చెబుతుంది. సర్వర్ల మెమరీలో 64 బిట్లకు మరో 8 చేర్చి, ఒక బిట్ తప్పును దిద్దుతారు, రెండు తప్పితే పసిగడతారు. చవక కంప్యూటర్లలో సాధారణంగా ఈ ఏర్పాటు ఉండదు.

డేటాబేస్ కూడా ప్రతి పేజీని డిస్కుకు రాసేటప్పుడు చెక్‌సమ్ అనే మొత్తాన్ని లెక్కకట్టి దానికి జతచేయగలదు. అయితే బిట్ మారాక లెక్కకడితే తప్పు డేటాకే సరైన ముద్ర పడుతుంది! అందుచేత ఇలాంటి అనుమానం వచ్చిన యంత్రం మీద 'రిపేర్' ఆజ్ఞ నడపకూడదు. బాగున్న పేజీలు కూడా చెడవచ్చు. పని ఆపి, పాత బ్యాకప్‌లను చెరపకుండా, డేటా నకలును వేరే యంత్రం మీద తనిఖీ చేయాలి. అక్కడ అంతా సవ్యంగా ఉంటే దోషం మొదటి యంత్రానిదే.

ఇక ఆ యంత్రంలో మెమరీని పరీక్షించే ప్రోగ్రామును రాత్రంతా నడపండి, ఐదు నిమిషాలు చాలవు. తప్పు కనబడితే ర్యామ్ పలకలను ఒక్కొక్కటిగా తీసి చూడండి. అనుమానమున్న పలకను మరో గాడిలో పెట్టండి. తప్పు పలకతోపాటు వెళ్తే పలకను మార్చాలి, పాత గాడిలోనే ఉండిపోతే మదర్‌బోర్డును చూడాలి. పలకను తీసి మళ్ళీ గట్టిగా బిగించగానే తప్పు మాయమైతే అది వదులు కనెక్షన్ కావచ్చు, అప్పుడు కూడా పరీక్షను ఇంకో రాత్రి నడపాల్సిందే.