గణకయంత్రమున వంశవృక్షము

తాతపేరు మనుమనికి పెట్టుట మన యాచారము. అందుచే మా తాతగారు వ్రాసిన వంశావళిలో తరము విడిచి తరమున ఒకే పేరు వచ్చును. ఎవరెవరి కుమారులో తెలియక నేను చాలకాలము తికమకపడితిని. గ్రాంప్స్ అను ఉచిత సాఫ్ట్‌వేరు ప్రతివ్యక్తికిని వేరు సంఖ్య నిచ్చును గనుక ఆ చిక్కు లేదు. మేనరికము జరిగినచోట కాగితముపై ఒకరినే రెండుమార్లు వ్రాయవలసివచ్చును; ఇందు ఒక్కమారు వ్రాసి రెండు సంబంధములను కలుపవచ్చును. మరణము ప్రభవ సంవత్సరమని మాత్రమే వ్రాసినచో 1927-28 ఆ, 1987-88 ఆ యను సంశయము మిగులును. క్రీస్తుశకమును గూడ చేర్పుడు.

ఆ పుస్తకమున ఆడపడుచుల పేర్లు లేనేలేవు! తొంబదేండ్ల మా మేనత్తగారు చెప్పగా పదునొకండు పేర్లు వ్రాసికొంటిని. చెప్పినది ఆమెయేయనియు నందే నమోదు చేసితిని. 1984లో వెలువడిన జెడ్‌కామ్ పద్ధతి ఫైలుగా మార్చి పంపినచో, బంధువులు వేరు సాఫ్ట్‌వేరు వాడుచున్నను చదువగలరు. పంపునపుడు జీవించియున్నవారి వివరములను విడిచిపెట్టు వీలును గలదు, దానిని మరువకుడు.