ముందు బ్రేకు అంటే భయమెందుకు?

మన హాస్టల్ నుండి వెళ్లి ఉద్యోగాల్లో చేరిన మిత్రులు చాలామంది మొదట కొనుక్కునేది సెకండ్ హ్యాండ్ బండి. ఎక్కువగా స్ప్లెండర్ లాంటి డ్రమ్ బ్రేకు బండే. కొన్ననాడే ఊళ్లో పెద్దవాళ్లు ఒక మాట చెబుతారు: "ముందు బ్రేకు ముట్టుకోకురా, పల్టీ కొడతావు." ఆ మాట విని ముందు బ్రేకు వైరును వదులు చేయించుకుని తిరిగేవాళ్లను మేము చూస్తూనే ఉన్నాము.

బ్రేకు వేయగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, వెనుక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రాన్ని ఎంత తొక్కిపట్టినా అది జారుతుందే గాని బండి త్వరగా ఆగదు. అందుకే తారు రోడ్డు మీద బండిని ఆపే పనిలో సగానికి పైగా ముందు బ్రేకుదే. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. గేదె అడ్డం వచ్చినప్పుడు ఆ మీటర్లే లెక్క. పల్టీ భయం పూర్తిగా అబద్ధమూ కాదు. ఇసుక మీద గాని, హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడు గాని ఒక్కసారిగా నొక్కితే పడతాము. తిన్నగా పోతూ, రెండు బ్రేకులూ కలిపి, ముందుది మెల్లగా మొదలుపెట్టి బిగించాలి.

ఇక ఇంటి దగ్గర చేసుకోగల పని. బ్రేకు పట్టుకోకముందు లివర్ కొస 10 నుండి 20 మిల్లీమీటర్లు ఆడాలి. అంతకంటే ఎక్కువ ఆడితే చక్రం దగ్గర వైరు చివరనున్న నట్టు బిగించాలి. తర్వాత చక్రం ఎత్తి తిప్పి చూడాలి. రాసుకుంటుంటే ఎక్కువ బిగిసినట్లు. లివర్ పూర్తిగా నొక్కినప్పుడు ఆర్మ్ మీది బాణం బ్రేకు ప్లేటు మీది గుర్తును చేరితే షూలు అరిగిపోయాయని అర్థం, ఇక బిగించి లాభం లేదు. వైరులో ఒక్క పోగు తెగినా మార్చేయాలి.

షూలు మార్చేటప్పుడు డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదకండి. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, అది ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిగుడ్డతో తుడవండి. గ్రీజు కామ్‌కు, పిన్నుకు మాత్రమే, అదీ పలుచగా. లైనింగ్‌కు అంటితే ఆ షూ పనికిరాదు. అన్నిటికన్నా ముఖ్యం, చక్రం తిరిగి ఎక్కించేటప్పుడు ఫోర్కు మీది ముక్కు బ్రేకు ప్లేటు గాడిలో కూర్చోవాలి. కూర్చోకపోతే బ్రేకు వేయగానే ప్లేటు చక్రంతోపాటే తిరిగి, చక్రం బిగుసుకుపోవచ్చు. ఎంత అనుభవం ఉన్నా ఇక్కడ మరొకసారి వంగి చూడాల్సిందే. యాక్సిల్ నట్టు బిగించేటప్పుడు తమ్ముణ్ణి లివర్ నొక్కి పట్టుకోమంటే షూలు డ్రమ్ము మధ్యకు సర్దుకుంటాయి. కొత్త షూలు మొదట్లో అంత బాగా పట్టవు, కొన్నాళ్లు నెమ్మదిగా నడపాలి.

2019 ఏప్రిల్ తరువాత వచ్చిన చిన్న బండ్లలో చాలావాటికి కాలి బ్రేకుతో ముందు బ్రేకు కూడా పడుతుంది. వాటికి బండితో వచ్చిన పుస్తకం చూడకుండా నట్టు తిప్పవద్దు.

డ్రమ్ము తీసి డిస్కు వేయించుకోవచ్చా అని కొందరు అడుగుతుంటారు. హబ్బు, ఫోర్కు కింది భాగం, కాలిపర్, మాస్టర్ సిలిండర్ అన్నీ మారాలి. అది ఇంటి పని కాదు. కంపెనీ షూలు, కొత్త వైరు వేస్తే అంతకంటే ఎంతో తక్కువ ఖర్చుతో బ్రేకు బాగుపడుతుంది. డిస్కు ముందే ఉన్నవాళ్లు ప్యాడ్ల మందం చూసుకుంటూ, రెండేళ్లకోసారి బ్రేకు ఆయిల్ మార్పించాలి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఏది రాసి ఉంటే అదే పోయాలి. ఆయిల్ అనే పేరు చూసి మోసపోయి ఇంజన్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బర్లు ఉబ్బి బ్రేకే పడదు.