పాత ఇత్తడి టార్చికి ఇప్పటికీ ఫ్యాన్స్ ఎందుకున్నారు? సెల్లు, బల్బు, ఫోకస్ వెనకున్న ఇంజనీరింగ్

ఫోన్ స్క్రీన్ పైనుంచి కిందికి ఒకసారి లాగితే టార్చి వెలుగుతుంది. ఐదారు వందలు పెడితే ఛార్జింగ్ ఎల్‌ఈడీ లైటు ఇంటికొస్తుంది. మరి రెండు పెద్ద సెల్లు వేసుకునే ఇత్తడి టార్చి గురించి ఇప్పుడు మాట్లాడుకోవడం ఎందుకు?

ఎందుకంటే ప్రపంచమంతా టార్చిల పిచ్చి ఉన్నవాళ్లు ఒక పెద్ద గుంపే ఉన్నారు. వేల ల్యూమెన్స్ లైట్లు కొంటారు, వాటి ఫర్మ్‌వేర్ మార్చుకుంటారు, ఎల్‌ఈడీ పీకి వేరేది అతికిస్తారు. అదే మనుషులు పది ల్యూమెన్స్ కూడా సరిగ్గా ఇవ్వని పాత బల్బు టార్చిని తుడిచి, మెరుగుపెట్టి అలమరలో పెట్టుకుంటారు. మొదట్లో ఇది ఉత్త సెంటిమెంట్ అనుకున్నాను. మా కొత్తచెరువు ఇంట్లో ఉన్న మూడు సెల్లుల టార్చిని విప్పి, ఒక్కో పార్టు ఎందుకు అలా ఉందో చూశాక నా అభిప్రాయం మారింది. వాళ్ల ఇష్టంలో సెంటిమెంట్ సగమే. మిగతా సగం ఇంజనీరింగ్. అందులో కొన్ని గుణాలు ఈరోజు మనం కొనే లైట్లలో లేవు. రాత్రిపూట చేలో నడిచే మనిషికి ఆ తేడా చిన్నదేమీ కాదు.

'ఫ్లాష్' అనే పేరు ఎలా వచ్చింది?

ఇప్పుడు మనకు తెలిసిన గొట్టం ఆకారపు టార్చికి అమెరికాలో 1899 జనవరి 10న పేటెంట్ వచ్చింది. కనిపెట్టింది డేవిడ్ మైసెల్. దాన్ని అమ్మింది కాన్రాడ్ హ్యూబర్ట్ కంపెనీ, ఆ తర్వాత ఎవరెడీగా పేరు తెచ్చుకున్నది అదే. అప్పటి సెల్లుల్లో బలం తక్కువ, బల్బులో ఉండేది కార్బన్ ఫిలమెంట్. ఎక్కువసేపు వెలిగిస్తే సెల్లు నీరసపడిపోయేవి. అందుకే కాసేపు వెలిగించి, ఆపి, మళ్లీ వెలిగించేవాళ్లు. అలా మెరిపించే లైటు కాబట్టి ఫ్లాష్‌లైట్ అయింది. టంగ్‌స్టన్ ఫిలమెంట్ వచ్చాక గానీ అది నిలకడగా వెలిగే లైటు కాలేదు.

మన దగ్గర దాని పేరు 'బ్యాటరీ'

కొత్తచెరువు, పెనుకొండ, ధర్మవరం వైపు పెద్దవాళ్లను అడిగి చూడండి, టార్చి అనే మాట తక్కువ వినిపిస్తుంది. "ఆ బ్యాటరీ తీసుకురా" అంటే టార్చి తెమ్మని. లోపల వేసేవి సెల్లు. అంటే మొత్తం వస్తువు పేరు బ్యాటరీ, అసలు బ్యాటరీ పేరు సెల్లు. మా తాత ఇప్పటికీ నా పవర్‌బ్యాంక్‌ను "సెల్లుల డబ్బా" అంటాడు. టెక్నికల్‌గా ఆయన మాటే కరెక్టు.

ఎవరెడీ వాళ్ల ఇత్తడి టార్చి 'జీవన్ సాథీ', అలహాబాద్ నుంచి వచ్చిన జీప్ టార్చిలు, నెల్లూరులో ఫ్యాక్టరీ ఉన్న నిప్పో సెల్లు మనవైపు బాగా తెలిసిన పేర్లు. నిప్పోను తయారుచేసే ఇండో నేషనల్ 1972లో పుట్టింది, టెక్నాలజీ జపాన్ మత్సుషితాది, అంటే ఇప్పటి పానాసోనిక్‌ది. ఇంకో విషయం చాలామందికి తెలియదు. ఒకప్పుడు మన దేశంలో ఎవరెడీ సెల్లు, టార్చిలు చేసింది యూనియన్ కార్బైడ్ ఇండియా. 1984 భోపాల్ దుర్ఘటన కంపెనీ అదే. 90ల్లో ఆ కంపెనీ చేతులు మారి ఎవరెడీ ఇండస్ట్రీస్ అయింది.

మన ప్రాంతంలో టార్చి అలంకారం కాదు, పనిముట్టు. వాన తక్కువ, సేద్యమంతా బోర్ల మీద. త్రీఫేజ్ కరెంటు రాత్రి ఇచ్చిన రోజుల్లో ఏ అర్ధరాత్రో లేచి స్టార్టర్ దగ్గరికి నడవాలి. శెనక్కాయ చేనుకు అడవిపందుల కాపలా ఉండాలి. పట్టుపురుగులు మేపేవాళ్లు పొద్దుపోయాక కూడా మల్బరీ ఆకు వేయాలి. గెనిమ మీద అడుగు వేసే ముందు అక్కడ రక్తపింజరి ఉందో లేదో చెప్పాల్సింది ఆ ఒక్క లైటే.

లోపల ఉన్నది ఇంతే

రెండు సెల్లుల టార్చిలో 1.5 వోల్టుల డి సైజు సెల్లు రెండు వరసగా ఉంటాయి, మొత్తం 3 వోల్టులు. బల్బు మీద సాధారణంగా 2.5 వోల్టులు, 0.3 ఆంపియర్ అని ఉంటుంది. లోడ్ పడగానే సెల్లు వోల్టేజీ కొంచెం దిగుతుంది కాబట్టే ఆ లెక్క. రెండూ గుణిస్తే 0.75 వాట్. అంత చిన్న ఫిలమెంట్ బల్బు వాట్‌కు పది ల్యూమెన్స్ ఇస్తే గొప్ప. మంచి ఎల్‌ఈడీ అదే వాట్‌కు వంద దాటుతుంది. అంటే వెలుతురు లెక్కలో పాత టార్చి పదింతలు వెనక.

సర్క్యూట్‌లో చిప్ లేదు, డ్రైవర్ లేదు. సెల్లు, బల్బు, స్విచ్, స్ప్రింగు అంతే. ఇత్తడి గొట్టమే ఒక వైరు. వెనక మూత విప్పితే కొన్ని మోడల్స్‌లో స్ప్రింగు మధ్యలో స్పేర్ బల్బు పెట్టి ఉంటుంది. సరే, ఇంత వెనకబడ్డ వస్తువులో నచ్చడానికి ఏముంది? నాకు నాలుగు కనిపించాయి.

1. ఫోకస్ మన చేతిలో ఉండేది

రిఫ్లెక్టర్ పారాబోలా ఆకారంలో ఉంటుంది. ఫిలమెంట్ సరిగ్గా దాని నాభి దగ్గర ఉంటే కాంతి సమాంతరంగా దూరం వెళ్తుంది. కొంచెం ముందుకో వెనక్కో జరిగితే విచ్చుకుంటుంది. తల తిప్పితే జరిగేది ఈ చిన్న కదలికే. కాపలా కాసేటప్పుడు బిగించి చేను ఆ చివర చూడొచ్చు, నడిచేటప్పుడు వదులు చేసి కాళ్ల ముందు చూడొచ్చు.

ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. ల్యూమెన్స్ అంటే మొత్తం వెలుతురు. ఎంత దూరం పడుతుందో చెప్పేది క్యాండెలా. టార్చి స్టాండర్డ్ ప్రకారం బీమ్ దూరం మీటర్లలో కావాలంటే క్యాండెలాకు వర్గమూలం తీసి రెండుతో గుణించాలి. 2500 క్యాండెలా అయితే 100 మీటర్లు, 10,000 అయితే 200 మీటర్లు. దూరం రెట్టింపు కావాలంటే నాలుగింతలు కావాలి. పెట్టె మీద వేల ల్యూమెన్స్ రాసి క్యాండెలా రాయని లైటుతో చేను చివర కనిపించకపోతే ఆశ్చర్యపోవద్దు.

2. ఆరిపోయే ముందు చెప్పేది

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది ఇది. ఫిలమెంట్ బల్బు వెలుతురు వోల్టేజీ మీద చాలా గట్టిగా ఆధారపడుతుంది, సుమారు 3.4 ఘాతం. రెండు సెల్లు కలిపి 3 వోల్టుల నుంచి 2కు దిగితే వెలుతురు పావు వంతే మిగులుతుంది. రంగు కూడా తెలుపు నుంచి పసుపు, పసుపు నుంచి నారింజకు జారుతుంది. అంటే లైటే తన ఛార్జ్ ఇండికేటర్. "బ్యాటరీ ఎర్రబడింది, రేపు సెల్లు తేవాల" అనే మాట వెనక ఉన్న ఫిజిక్స్ ఇదే.

లిథియం సెల్ మీద నడిచే లైటు అలా కాదు. డ్రైవర్ వెలుతురును ఒకే స్థాయిలో పట్టి ఉంచుతుంది. సెల్ వోల్టేజీ హద్దు దాటగానే ప్రొటెక్షన్ సర్క్యూట్ కట్ చేస్తుంది. మంచి లైట్లు ముందే వెలుతురు తగ్గిస్తాయి, లేదా మిణుకుతాయి. చవక లైట్లలో చాలావాటికి ఆ తెలివి ఉండదు. బోరు దగ్గరికి అర కిలోమీటరు నడిచాక ఒక్కసారిగా చీకటైతే, అంతకుముందు ఎంత బాగా వెలిగిందన్నది అక్కరకు రాదు.

3. రంగు అబద్ధం చెప్పేది కాదు

సీఆర్‌ఐ అంటే ఒక లైటు కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే స్కోరు. ఫిలమెంట్ బల్బుది దాదాపు 100. చవక తెల్ల ఎల్‌ఈడీది 70 దగ్గర. కారణం ఎల్‌ఈడీ తయారయ్యే తీరు. నీలం ఎల్‌ఈడీ మీద ఫాస్ఫర్ పూత వేసి తెలుపు పుట్టిస్తారు. ఆ నీలం ఎల్‌ఈడీకే 2014లో అకసాకి, అమానో, నకమురాలకు ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. చవక పూతలో ముదురు ఎరుపు భాగం చాలా తక్కువ.

మన ఎర్రనేల మీద మట్టిరంగు పామును, ఎండుటాకును, కట్టెపుల్లను వేరుచేసి చూపేది ఆ ఎరుపు, గోధుమ ఛాయల తేడానే. నీలం కొట్టే తెల్ల లైటు కింద అవన్నీ ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి. ధర్మవరంలో పట్టుదారం రంగులు కలిపేవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. ఒక లైటు కింద ఒకేలా ఉన్న రెండు దారాలు పగటి వెలుతురులో వేరుగా కనిపిస్తాయి. అలాగని పాత బల్బు కింద దారం రంగులు చూడమని నేను చెప్పను. దాని పసుపులో నీలాలు మసకబారతాయి, అందుకు పగలే మంచిది.

4. విప్పొచ్చు, బాగుచేయొచ్చు

బల్బు పోతే బల్బు, సెల్లు పోతే సెల్లు, స్విచ్ పట్టేస్తే కాస్త గరుకు కాగితం. సంతలో, కిరాణా కొట్లో దొరికే పార్టులే. సెల్లు నీరసపడితే ఎండలో పెట్టేవాళ్లు కూడా. ఇది మూఢనమ్మకం కాదు. విశ్రాంతి దొరికితే సెల్ లోపల ఒకచోట పోగైన అయాన్లు సర్దుకుంటాయి, వేడి వాటి కదలికను పెంచుతుంది. కొద్ది నిమిషాల వెలుగు అదనంగా వస్తుంది, అంతకుమించి రాదు.

ఎల్‌ఈడీలు చవకైన కొత్తలో ఊళ్లోకి వచ్చిన ప్లాస్టిక్ ఛార్జింగ్ లైట్లను గుర్తుచేసుకోండి. లోపల 4 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ, వెనక బయటికి లాగే రెండు పిన్నులు. బ్యాటరీ చచ్చిపోతే మొత్తం లైటే చెత్తలోకి. యూరోపియన్ యూనియన్‌లో 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల్లో బ్యాటరీని వాడేవాడే మార్చుకునేలా ఉండాలన్న రూల్ అమలవుతుంది. మా తాత టార్చి ఆ రూల్‌ను ఎప్పుడో పాటించింది.

అలాగని పాతదంతా బంగారం కాదు

జింక్ కార్బన్ సెల్‌లో జింక్ డబ్బానే ఒక ఎలక్ట్రోడ్. వాడేకొద్దీ గోడ పలచబడుతుంది, చివరికి చిల్లుపడి లోపలి ద్రవం కారుతుంది. ఇత్తడి మీద పచ్చటి చిలుము పడుతుంది. సెల్లు వేసి నెలల తరబడి మరిచిపోతే టార్చి పాడైనట్టే. కింద పడితే ఫిలమెంట్ తెగుతుంది. వాడిపడేసిన సెల్లు గుట్టలయ్యేవి. రైతుకు సెల్లు కొనడం ఆగని ఖర్చు. ఎల్‌ఈడీ వచ్చి ఈ బాధలన్నీ తీర్చిందన్నది నిజం.

ఫోన్ టార్చి సంగతి

2003లో వచ్చిన నోకియా 1100 మన ఊళ్లలో అంత నాటుకుపోవడానికి దాని తలమీది లైటు ఒక పెద్ద కారణం. స్మార్ట్‌ఫోన్లు వచ్చిన కొత్తలో టార్చికి వేరే యాప్ వేసుకునేవాళ్లం. కెమెరా ఫ్లాష్ వాడాలంటే యాప్‌కు కెమెరా పర్మిషన్ కావాలి. ఆ సందులో కొన్ని యాప్స్ ఇంకా చాలా అడిగాయి. 'బ్రైటెస్ట్ ఫ్లాష్‌లైట్' అనే యాప్ యూజర్ల లొకేషన్ డేటాను యాడ్ నెట్‌వర్క్‌లకు పంపిందని 2013లో అమెరికా ఎఫ్‌టీసీ కేసు పెట్టింది. ఆండ్రాయిడ్ 5లో టార్చి బటన్ సిస్టమ్‌లోకే వచ్చింది. ఆండ్రాయిడ్ 6 నుంచి కెమెరా పర్మిషన్ లేకుండానే యాప్ టార్చి వెలిగించగలదు. అయినా ఫోన్ లైటుకు రిఫ్లెక్టర్ ఉండదు. నాలుగడుగుల దూరం వరకే పనికొస్తుంది. పైగా అత్యవసరంలో కాల్ చేయాల్సిన బ్యాటరీనే అది తాగుతుంది.

అటక మీద పాత టార్చి దొరికితే

• ముందు సెల్లు తీసేయండి. కారి ఉంటే చేతికి గ్లౌజు వేసుకోండి.
• చిలుమును నిమ్మరసంలో ముంచిన గుడ్డతో తుడిచి, తడి గుడ్డతో మళ్లీ తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి.
• స్ప్రింగు, స్విచ్ పత్తీలు తగిలే చోట సన్న గరుకు కాగితం రుద్దండి. సగం టార్చిలు ఇక్కడే వెలుగుతాయి.
• రిఫ్లెక్టర్ లోపల రుద్దొద్దు. ఆ పూత చాలా సున్నితం, గీత పడితే ఫోకస్ పోయినట్టే.
• ఎల్‌ఈడీ కావాలంటే అదే హోల్డర్‌లో పట్టే ఎల్‌ఈడీ బల్బు కొనండి, మీ టార్చి వోల్టేజీకి సరిపోయేది చూసి. ఫిలమెంట్ నాలుగు దిక్కులకూ కాంతి ఇస్తుంది, ఎల్‌ఈడీ ఎక్కువగా ముందుకే ఇస్తుంది కాబట్టి ఫోకస్ పాతంత బిగువుగా రాకపోవచ్చు.
• 2.5 వోల్టుల బల్బుకు 18650 లిథియం సెల్ పెట్టొద్దు. ఫుల్ ఛార్జ్‌లో అది 4.2 వోల్టులు, బల్బు వెంటనే కాలిపోతుంది.

కొత్తది కొంటే ఏం చూడాలి?

చేలోకి వెళ్లే అమ్మానాన్నల కోసమైతే ల్యూమెన్స్ నంబర్ పక్కన పెట్టి నాలుగు ప్రశ్నలు అడగండి. క్యాండెలా లేదా బీమ్ దూరం రాశాడా? సీఆర్‌ఐ 90 పైన ఉన్న ఎల్‌ఈడీ దొరుకుతుందా? బ్యాటరీ అయిపోయే ముందు హెచ్చరిస్తుందా? సెల్ మనమే తీసి మార్చుకోవచ్చా? నాలుగింటికీ అవును అనే లైట్లు మార్కెట్లో ఉన్నాయి. కొన్నిటి ఫర్మ్‌వేర్ ఓపెన్ సోర్స్ కూడా, 'ఆండురిల్' అందులో బాగా పేరున్నది. తక్కువ వోల్టేజీకి వెలుతురు దానంతటదే తగ్గించే కోడ్ అందులో ఉంది.

అంటే ఎర్రబడి ముందే చెప్పే పాత గుణాన్ని ఇప్పుడు ఒక చిప్‌లో ప్రోగ్రామ్‌గా రాసుకుంటున్నాం. ఇత్తడి టార్చి ఏ కోడ్ లేకుండా చేసిన పని అది. ఇంట్లో ఉంటే పారేయకండి, సెల్లు మాత్రం తీసి పెట్టండి.