పులుపుల్లో ముందు ఏ పులుపు?

పుల్లటి బీరు అనగానే మన దగ్గర చాలామందికి తట్టేది ఒక్కటే: ఏ గోడౌన్లోనో ఎండకు ఉడికి పాడైపోయిన సీసా. వాళ్లను తప్పు పట్టలేం. మనకు తెలిసిన బీరంతా దాదాపు లాగరే, లాగర్లో పులుపు తగిలితే అది లోపమే. అయితే ఆ నియమం మరీ పాతదేం కాదు. బీరును చెడగొట్టేవి సూక్ష్మజీవులేనని లూయీ పాశ్చర్ 1876లో బీరు మీదే ఒక పుస్తకం రాసి చూపించాడు. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క ఈస్ట్ కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచి, కాచేవాళ్ల చేతికిచ్చాడు. అంతకుముందు ఈస్ట్‌తో పాటు బాక్టీరియా కూడా పీపాల్లో చేరేది కాబట్టి, నిల్వ ఉంచిన బీరుకు కాస్తో కూస్తో పులుపు ఎక్కడం మామూలే. తర్వాత లోకమంతా శుభ్రమైన బీరు వైపు వెళ్లింది. బెల్జియంలోనూ జర్మనీలోనూ కొన్ని ఊళ్లు మాత్రం తమ పులుపును వదులుకోలేదు. పాలు విరగడం వేరు, తోడుకోవడం వేరని తెలిసిన ఇంట్లో ఈ తేడా విడమరచి చెప్పనక్కర్లేదు.

చిక్కల్లా తొలి గ్లాసు దగ్గరే. కొత్తవాళ్లకు సాధారణంగా రెండు రకాల సలహాలు వినిపిస్తాయి. అన్నిటికంటే గొప్పదానితోనే మొదలుపెట్టమంటారు కొందరు, అంటే బ్రస్సెల్స్ పక్కన తయారయ్యే లాంబిక్ బీర్లతో. చెర్రీ పళ్లు వేసి తియ్యబరిచినదైతే సులువుగా దిగుతుందంటారు ఇంకొందరు. రెండూ సరికావని నా వాదన. తొలి గ్లాసులో నాలుకకు కొత్తగా ఉండాల్సింది ఒక్కటే, అదీ పులుపే. దానికి తోడు ఇంకో రెండు మూడు కొత్తదనాలు ఒకేసారి మీద పడితే, దేన్ని ఇష్టపడలేదో కూడా తెలియకుండానే మనిషి గ్లాసు పక్కన పెట్టేస్తాడు. ఈ లెక్కన చూస్తే మొదట తాగాల్సింది గోజె అనే జర్మన్ పుల్లటి బీరు.

బీరులో పులుపు ఒకే రకంగా ఉండదు. లాక్టిక్ ఆమ్లం తెచ్చేది పెరుగు పులుపు, మెత్తగా ఉంటుంది. అసిటిక్ ఆమ్లం తెచ్చేది వెనిగర్ పులుపు, ముక్కులోకీ గొంతులోకీ కొడుతుంది. ఇక బ్రెట్టనోమైసిస్ అనే ఈస్ట్ ఉంది. 1904లో కార్ల్స్‌బర్గ్‌లోనే పనిచేసిన క్లాసెన్ దాన్ని ఇంగ్లిష్ బీర్లలో గుర్తించి ఆ పేరు పెట్టాడు. అది పులుపు కంటే వాసన ఎక్కువ తెస్తుంది: పాత తోలు, పశువుల కొట్టం, తడి గడ్డి. వినడానికి బాగోలేదు కానీ, అలవాటైన వాళ్లు దానికోసమే డబ్బులు పోస్తారు. లాంబిక్‌లో ఇవన్నీ ఉంటాయి. చలికాలంలో, మాల్టూ గోధుమలూ ఉడికించిన రసాన్ని వెడల్పాటి లోతులేని తొట్టిలో రాత్రంతా చల్లారబెడతారు. ఈస్ట్ ఎవరూ కలపరు, గాలిలోదీ పీపా చెక్కలోదీ దానంతటదే పట్టుకుంటుంది. ఆ తర్వాత ఏడాది నుంచి మూడేళ్ల దాకా పీపాల్లోనే. ఒకటి, రెండు, మూడేళ్ల లాంబిక్‌లను కలిపి సీసాలో మళ్లీ పులియబెడితే అది గ్యోజ్. అద్భుతమైన బీరే, అనుమానం లేదు. కానీ అది అన్నప్రాశన నాడు పెట్టే ముద్ద కాదు. తాటి కల్లు తాగిన నాలుకకు మాత్రం ఒక మినహాయింపు ఇవ్వొచ్చు. కల్లు కూడా ఎవరూ ఈస్ట్ కలపకుండానే పులుస్తుంది, పొద్దున తియ్యగా దిగింది సాయంత్రానికి పులుపెక్కుతుంది. అలాంటివాళ్లు మధ్య మెట్లు దాటేసి నేరుగా గ్యోజ్ పట్టుకున్నా బెదిరిపోకపోవచ్చు.

గోజె పుట్టింది జర్మనీలోని గోస్లార్‌లో. ఊరి గుండా పారే గోజె అనే ఏటి పేరే దానికి వచ్చింది. పేరు తెచ్చుకున్నది మాత్రం లైప్‌జిగ్‌లో. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అది క్షీణించి, 1966లో కాయడం పూర్తిగా ఆగిపోయింది. ఇరవై ఏళ్లకు, అప్పటి తూర్పు జర్మనీలోనే, లోథార్ గోల్డ్‌హాన్ అనే ఆయన పాత గోజె పానశాలను బాగుచేయించి 1986లో ఆ బీరును మళ్లీ గ్లాసుల్లోకి తెచ్చాడు. పానశాల పేరు 'ఓనె బెడెంకెన్', అంటే 'సంకోచం లేకుండా' అని. కొత్తవాళ్ల కోసం బోర్డు రాయించినా ఇంతకంటే మంచి పేరు దొరకదు. ఇంతకీ ఇందులో ఏముంటుంది? సగానికి అటూఇటుగా గోధుమ మాల్ట్, లాక్టిక్ పులుపు, ఉప్పు, ధనియాలు. జర్మన్ శుద్ధి నియమం ఉప్పునూ ధనియాలనూ ఒప్పుకోదు కాబట్టి ప్రాంతీయ ప్రత్యేకతగా దీనికి మినహాయింపు ఉంది. ఆ జాబితాను మరోసారి చదవండి. పెరుగు పులుపు, ఉప్పు: అది ఉప్పేసిన మజ్జిగ. ధనియాలు: అది చారు. లైప్‌జిగ్ వాళ్లకు మన వంటిల్లు తెలియదు, మనకు వాళ్ల పానశాల తెలియదు, అయినా రుచుల పొత్తు ఒకటే. తెలుగువాళ్ల నాలుకకు ఈ రుచుల్లో ఏదీ పరాయిది కాదు, ఆ పులుపు బీరులో ఎదురవడమే కొత్త. ఉప్పు ఇంకో పని కూడా చేస్తుంది, చేదును అణుస్తుంది. అసలు ఇలాంటి పుల్లటి బీర్లలో చేదు తక్కువే, ఎందుకంటే చేదునిచ్చే హాప్స్ ఎక్కువైతే పులుపు తెచ్చే బాక్టీరియా పెరగదు.

దీనికి అనుభవజ్ఞులు చెప్పే అభ్యంతరం గట్టిదే. ఇప్పటి గోజెల్లో చాలావరకు అడ్డదారిలో చేసినవి: మాల్ట్ రసంలో లాక్టోబాసిల్లస్ బాక్టీరియా వేసి ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచి, పులిశాక మరిగించి, బాక్టీరియాను చంపి, ఆపైన మామూలు ఈస్ట్ వేస్తారు. మూడేళ్ల ఓపికతో వచ్చేదానికీ మూడు వారాల్లో వచ్చేదానికీ పోలికేమిటి, ఒకే తీగ మీద మీటిన పాట కదా అంటారు. నిజమే. కానీ సంగీతం నేర్చుకునేవాళ్లకు మొదట చెప్పేది సరళీ స్వరాలే. ఒకే పులుపు, శుభ్రంగా, దేనితోనూ కలవకుండా వినిపించడం ఇక్కడ లోపం కాదు, అదే మనక్కావాల్సింది. పైగా ఆల్కహాల్ నాలుగైదు శాతమే.

తీపి చెర్రీ బీరు సంగతి వేరు. సంప్రదాయ పద్ధతిలో చేసిన క్రీక్, అంటే చెర్రీ లాంబిక్, తియ్యగా ఉండదు, పళ్లలోని చక్కెరను ఈస్ట్ తినేస్తుంది. ఆ పేరుతోనే తియ్యబరిచి అమ్మేవీ ఉన్నాయి, కొత్తవాళ్ల చేతికి వచ్చేవి ఎక్కువగా అవే. అవి తాగితే చెర్రీ షర్బత్ నచ్చిందో లేదో తెలుస్తుంది తప్ప పులుపు గురించి ఏమీ తెలియదు. రెండో సీసా పుల్లనిదైతే మోసపోయినట్టుంటుంది. మరి బెర్లిన్ వాళ్లు బెర్లినర్ వైస్ అనే తమ పుల్లటి గోధుమ బీరులో రాస్ప్‌బెర్రీ ఎర్ర సిరప్పో, వుడ్‌రఫ్ ఆకు పచ్చ సిరప్పో పోసుకుంటారు కదా అని అడగొచ్చు. పోసుకుంటారు. అక్కడ తీపి గ్లాసు దగ్గర కలిసేది, సీసాలో ముందే కలిసింది కాదు. సిరప్ లేకుండా రెండు గుక్కలు తాగి, ఆ తర్వాత కలుపుకోవచ్చు. గోజె దొరకని చోట మూడు శాతం ఆల్కహాల్ ఉండే ఈ బెర్లినర్ వైస్ నాకు అభ్యంతరం లేని రెండో మార్గం.

దొరకడమే అసలు ఇబ్బంది. మన ఊళ్ల మద్యం దుకాణాల్లో ఇవి అరుదు, పెద్ద నగరాల మైక్రోబ్రూవరీలు అప్పుడప్పుడు కాస్తాయి. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఆ బెంగ లేదు. డెలావేర్‌కు చెందిన డాగ్‌ఫిష్ హెడ్ వాళ్ల సీక్వెంచ్ గోజె పోలికలతోనే, నిమ్మ, సముద్రపు ఉప్పుతో వస్తుంది. ఏది కొన్నా మామిడి గుజ్జూ జామ గుజ్జూ కుమ్మరించిన రకాలను తర్వాతకు వాయిదా వేయండి. గోజె, గ్యోజ్ అన్న పేర్లు వినడానికి దగ్గరగా ఉంటాయి, మెనూలో వేలు పెట్టి చూపించడం మేలు. గడ్డకట్టేంత చల్లగా తాగితే రుచి తెలియదు. మొదటి గుక్కను బట్టి తీర్పు చెప్పొద్దు, దాన్ని నాలుక అలారంలా తీసుకుంటుంది, మూడో గుక్కకు సర్దుకుంటుంది. వీటి పీహెచ్ 3.5కు అటూఇటుగా, అంటే పెరుగు కంటే ఎక్కువ ఆమ్లం, నిమ్మరసం కంటే తక్కువ. ఛాతీలో మంట వచ్చేవాళ్లు ఖాళీ కడుపుతో తాగకపోవడమే మంచిది. వేయించిన చేపతో బాగుంటుంది. గోజె నచ్చితే తర్వాతి సీసా 1821లో మొదలైన ఫ్లాండర్స్ బ్రూవరీ రోడెన్‌బాక్ వాళ్ల క్లాసిక్: మూడొంతులు కొత్త బీరు, ఒక వంతు ఓక్ తొట్లలో రెండేళ్లు మాగినది. వెనిగర్ పులుపు అక్కడ, కొత్త బీరు చాటున, మొదటిసారి పలకరిస్తుంది. గ్యోజ్ ఆ తర్వాత.