రెండు కప్పులు, ఒక మాస్టారు

1950లో బొంబాయి రోవర్స్ కప్, ఢిల్లీ డ్యూరాండ్ కప్ రెండూ హైదరాబాద్ పోలీసుల చేతికొచ్చాయి. ఆ జట్టును తీర్చిదిద్దింది ఒక బడిపంతులు.

ఢిల్లీలో డ్యూరాండ్ కప్ ఫైనల్. ఒకవైపు మోహన్ బగాన్. 1911లో దాదాపు జట్టంతా ఉత్త కాళ్లతో ఆడి, ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ ఎత్తుకెళ్లిన క్లబ్బు. కలకత్తాలో ఆ పేరు చెబితే ఇప్పటికీ జనం లేచి నిలబడతారు. మరోవైపు హైదరాబాద్ సిటీ పోలీస్. నిజాం రాజ్యం దేశంలో కలిసి అప్పటికి రెండేళ్లు దాటింది, అంతే. ఆట 2-2తో ఆగింది.

ఇప్పుడైతే ఆ రాత్రికే పెనాల్టీ షూటౌట్ పెట్టి తేల్చేస్తారు. ఫుట్‌బాల్ నిబంధనల్లోకి షూటౌట్ వచ్చింది 1970లో. అంతకుముందు ఫైనల్ సమమైతే మామూలు దారి: మళ్లీ వచ్చి మళ్లీ ఆడటం. అలసిన కాళ్లు, మొదటి ఆటలో తగిలిన దెబ్బలు అన్నీ వెంట తెచ్చుకుని ఇంకో ఫైనల్ ఆడాలి. ఆ రెండో ఫైనల్లో పోలీసులు 1-0తో గెలిచారు. స్వతంత్ర భారతంలో జరిగిన తొలి డ్యూరాండ్ కప్ అలా హైదరాబాద్ చేరింది. అదే ఏడాది బొంబాయిలో రోవర్స్ కప్ కూడా వాళ్లదే.

ఈ రెండు కప్పుల విలువ తెలియాలంటే వాటి వయసు చూడాలి. డ్యూరాండ్ 1888లో సిమ్లాలోని అన్నన్‌డేల్ మైదానంలో మొదలైంది. బ్రిటిష్ సైనికుల వినోదం కోసం సర్ మార్టిమర్ డ్యూరాండ్ పెట్టిన పోటీ అది. అరవై ఏళ్లలో భారతీయ జట్టు దాన్ని గెలిచింది ఒక్కసారే. 1940లో మహమ్మడన్ స్పోర్టింగ్ 2-1తో రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంట్‌ను ఓడించింది. ఆ తర్వాత యుద్ధం, విభజన వచ్చి పోటీ ఆగిపోయింది. దేశం రెండు ముక్కలైనప్పుడు సైన్యం సామగ్రితోపాటు ఈ కప్పు ఎవరిదన్న తగువు కూడా వచ్చింది. అప్పటి రక్షణ శాఖ కార్యదర్శి హెచ్.ఎం.పటేల్ చొరవతో అది మన దగ్గరే ఉండిపోయింది. పదేళ్ల తర్వాత మళ్లీ మొదలైన పోటీ 1950ది. ఇక రోవర్స్ 1891 నాటిది. దానికి పెట్టింది పేరు బొంబాయి కూపరేజ్ మైదానం.

రోవర్స్‌లో హైదరాబాద్ చేసిన పని దగ్గర కాసేపు ఆగాలి. 1950, 51, 52, 53, 54. వరసగా ఐదేళ్లు. లీగ్ పోటీలో ఒక ఆట ఓడినా వచ్చేవారం సరిదిద్దుకోవచ్చు. నాకౌట్‌లో ఆ వెసులుబాటు లేదు. మైదానం చిత్తడిగా ఉన్నా, ప్రధాన ఆటగాడికి జ్వరం వచ్చినా, రిఫరీ కన్ను ఒక్క క్షణం పక్కకి పోయినా పెట్టె సర్దుకుని రైలెక్కాల్సిందే. ఐదేళ్లు వరసగా కప్పు గెలవడమంటే ఐదు సీజన్లపాటు ఆ పోటీలో ఏ జట్టూ వాళ్లను ఇంటికి పంపలేకపోయిందన్నమాట. 1955లో మోహన్ బగాన్ గెలిచేదాకా ఆ కప్పు నగరం మారలేదు. భారత ఫుట్‌బాల్‌లో నేను తలవంచే రికార్డు ఏదని అడిగితే ఆలోచించకుండా దీన్నే చెబుతాను.

కాచిగూడ బడి నుంచి

ఈ జట్టు వెనకున్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. ఆటగాళ్లకు ఆయన రహీం సాబ్. 1940ల్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం బాధ్యతలు భుజానికెత్తుకున్నారు. పోలీసు శాఖలో ఆట మీద ప్రేమున్న ఉన్నతాధికారి శివకుమార్ లాల్ ఆయనకు అండగా నిలిచారు. 1943లో బెంగళూరులో యాష్ గోల్డ్ కప్ గెలిచినప్పుడే ఈ జట్టు సంగతి దక్షిణాదికి తెలిసింది. దేశం మొత్తానికి తెలియడానికి ఇంకో ఏడేళ్లు పట్టింది.

రహీం సాబ్ పెట్టిన పోటీల్లో ఒకటి నాకు మరీ ఇష్టం. అందులో ఆటగాడు తన బలమైన కాలితో బంతిని తన్నకూడదు. కుడికాలివాడు ఎడమకాలితోనే ఆడాలి. ఒక్కసారి ఊహించండి. పన్నెండేళ్ల పిల్లవాడి దగ్గరకు బంతి దొర్లుకుంటూ వస్తుంది. కుడికాలు అలవాటు కొద్దీ ముందుకు లేస్తుంది. వాడు దాన్ని ఆపుకోవాలి, ఒళ్లు తిప్పాలి, బరువంతా కుడికాలి మీద మోపి ఎడమకాలు ఊపాలి. మొదటి రోజుల్లో బంతి ఎటో పోతుంది, చుట్టూ నవ్వులు. కొన్ని నెలలు గడిస్తే వాడి ఒంట్లో పనికిరాని వైపంటూ ఉండదు. ఎదుటి డిఫెండరు ఏ కాలిని కాయాలో తెలియక తికమకపడతాడు. ఇంకో పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి అందగానే ఇచ్చేయాలి. ముందు తల ఎత్తి చూసుకున్నవాడే ఇవ్వగలడు. కాబట్టి పిల్లలకు బంతి రాకముందే చూడటం అలవాటైంది. పొట్టివాళ్లకు వేరే పోటీ, ఐదుగురేసి ఆడే పోటీ ఇంకొకటి. ఏ దేశం నుంచో తెచ్చిన యంత్రాలేం లేవు, ఖర్చూ లేదు. బడిలో పిల్లల లోపం కనిపెట్టి, దానికి సరిపోయే లెక్క ఇచ్చే మాస్టారి పద్ధతే ఇది.

మన దేశంలో అప్పటి ఆట వేరుగా ఉండేది. మంచి ఆటగాడంటే బంతిని కాలికి అంటించుకుని నలుగురిని దాటిపోయేవాడే. జనం చప్పట్లు కొట్టేదీ అందుకే. రహీం సాబ్ పోలీసులు ఒకటి రెండు తాకిళ్లలో బంతిని వదిలేసేవాళ్లు. ఫార్వర్డ్‌లు చోట్లు మార్చుకుంటూ పరిగెత్తేవాళ్లు. ఇద్దరు సెంటర్ ఫార్వర్డ్‌లతో ఆయన ఆడించిన 4-2-4 పద్ధతికి ప్రపంచమంతా పేరు తెచ్చింది మాత్రం 1958 ప్రపంచ కప్ గెలిచిన బ్రెజిల్.

ఆటగాళ్లలో వెనక గోడలా నిలిచిన అజీజుద్దీన్, మధ్యలో అలుపెరగని నూర్ మహమ్మద్ ఇద్దరూ 1952, 1956 ఒలింపిక్స్ రెండింటిలోనూ దేశానికి ఆడారు. జట్టులో ఉర్దూ ఇళ్ల ముస్లిం కుర్రాళ్లు ఎక్కువ. మన తెలుగు పత్రికలు ఈ జట్టును అల్లూరి, అంబేడ్కర్ స్థాయిలో కాకపోయినా కనీసం క్రికెటర్లను తలుచుకున్నట్టయినా తలుచుకోకపోవడానికి ఆ పేర్లు ఒక కారణమేమోనని నాకు అనుమానం, బాధ కూడా. హైదరాబాద్ మనదైతే ఆ పేర్లూ మనవే.

1950 సీజన్ ముగిసిన కొద్ది నెలలకే, 1951 మార్చిలో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. రహీం సాబ్ శిక్షణలోని భారత జట్టు ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో చాలామంది బూట్లు లేకుండా ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాం. ఆ దెబ్బతోనే మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి సెమీస్ చేరాం. ఆసియా నుంచి అక్కడిదాకా వెళ్లిన మొదటి జట్టు మనదే. చివరికి నాలుగో స్థానం. 1962 జకార్తాలో మనల్ని గేలిచేసే నిండు స్టేడియంలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ స్వర్ణం. అప్పటికే రహీం సాబ్‌కు ఊపిరితిత్తుల క్యాన్సర్. 1963 జూన్ 11న కన్నుమూశారు. మెల్‌బోర్న్, జకార్తా విజయాల కథలు 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమాతో కొందరికైనా తెలిశాయి. వాటికి పునాది వేసింది మాత్రం కూపరేజ్‌లో, ఢిల్లీలో ఆడిన నాకౌట్ ఆటలే.

కలకత్తా రైలు

పోలీసు జట్టు 1954లో, 1957లో మళ్లీ డ్యూరాండ్ గెలిచింది. పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా మారాక 1961లోనూ గెలిచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ వరసగా రెండుసార్లు, 1956-57, 1957-58 సీజన్లలో ఎగరేసుకుపోయింది. 1965-66 సీజన్‌లో ఆంధ్రప్రదేశ్ పేరుతో ఇంకోసారి. ఆ తర్వాత మనకు సంతోష్ ట్రోఫీ లేదు. అరవై ఏళ్లవుతోంది.

ఏమైందంటే కుర్రాళ్లు కలకత్తా రైలెక్కారు. ఈస్ట్ బెంగాల్ పంచపాండవులని పేరుపడ్డ ఐదుగురు ఫార్వర్డ్‌లు ధనరాజ్, అప్పారావు, అహ్మద్ ఖాన్, వెంకటేశ్, సాలే అందరూ దక్షిణాది వాళ్లే. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్ చేరాడు. ఆ తర్వాత తరంలో నయీముద్దీన్, హబీబ్ కూడా అక్కడే పేరు తెచ్చుకున్నారు. 1977లో పెలే న్యూయార్క్ కాస్మోస్‌తో కలిసి ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్‌తో ఆట 2-2తో ముగిసింది. మోహన్ బగాన్ గోల్స్‌లో ఒకటి మన హబీబ్ కొట్టిందే. వాళ్లు వెళ్లిపోయారని నేను నిందించను. కానిస్టేబుల్ జీతంతో కుటుంబాన్ని ఈడ్చుకొస్తున్నవాడికి పెద్ద క్లబ్బు పిలుపొస్తే వెళ్లకుండా ఎలా ఉంటాడు? తప్పల్లా పోయినవాళ్ల చోట కొత్త కుర్రాళ్లను తయారుచేసే పని ఆపేసిన వాళ్లది. అంతకాలం ఆ పని చేసింది ఒక్క మనిషి. ఆయన పోయాక దాన్ని అందుకునే వ్యవస్థ లేకపోయింది.

ఈ మధ్య జరిగింది చెబితే గుండె ఇంకా బరువెక్కుతుంది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. 2022 మార్చిలో గోవా ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను షూటౌట్‌లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) చాంపియన్ అయింది. ఆ తర్వాత డబ్బు కష్టాలు చుట్టుముట్టాయి. 2025లో జట్టు ఏకంగా ఢిల్లీకి తరలిపోయింది. 2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలి స్టేడియంలోనే జరిగింది. బెంగాల్ కుర్రాడు రోబీ హన్స్‌దా అదనపు నిమిషాల్లో కొట్టిన గోల్‌తో కేరళ ఓడింది. ఆతిథ్యం మనది, ఆట వాళ్లది.

తెలీబంధాలో ఈ కథ ఎందుకు

రాయ్‌పూర్ తెలీబంధా చెరువు గట్టును ఇక్కడ అందరూ మెరైన్ డ్రైవ్ అంటారు. సాయంత్రమైతే నడకకు వచ్చేవాళ్లలో తెలుగు మాట చెవినపడని రోజు ఉండదు. విజయనగరం లైను పడ్డాక రైల్వే ఉద్యోగాలకు వచ్చినవాళ్ల మనవలు, భిలాయ్ ఉక్కు కర్మాగారం నుంచి రిటైరై ఇక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్లు, వ్యాపారాలకు వచ్చినవాళ్లు. ఎత్తయిన జెండా కింద పిల్లలు మెస్సీ, రొనాల్డో చొక్కాలు వేసుకుని బంతి తన్నుకుంటుంటారు. రహీం ఎవరో తెలుసా అని మా వీధి కుర్రాడిని అడిగితే, ‘అజయ్ దేవగణ్ సినిమా కదా అంకుల్’ అన్నాడు. వాడి మేనమామ ఇల్లు హైదరాబాద్‌లోనే, చాదర్‌ఘాట్‌లో. ఏటా వేసవి సెలవులకు అక్కడికే పోతాడు. రహీం సాబ్ పాఠాలు చెప్పింది అదే పేటలోనని చెప్పేసరికి వాడి ముఖంలో వచ్చిన వెలుగు చూసి, ఈ కథనం రాయాలని ఆ క్షణమే నిర్ణయించుకున్నాను.

ఛత్తీస్‌గఢ్‌లో ఫుట్‌బాల్‌కు చోటు లేదనుకోకండి. బస్తర్‌లోని నారాయణ్‌పూర్ రామకృష్ణ మిషన్ ఆశ్రమ మైదానంలో 2024లో స్వామి వివేకానంద అండర్-20 జాతీయ పోటీలు జరిగాయి. అబూజ్‌మడ్ అడవి అంచున, కొన్నేళ్ల క్రితం వరకు కాల్పుల వార్తల్లో మాత్రమే కనిపించిన ఊళ్లో, దేశం నలుమూలల నుంచి వచ్చిన కుర్రాళ్లు ఆడారు. ఆ ఆశ్రమ బడి ఆదివాసీ పిల్లలు ఆ మైదానంలోనే ఆడుతున్నారు. ఒక పెద్ద నగరం చేయలేనిది అక్కడ ఒక బడి చేస్తోంది. రహీం సాబ్ దారి అదే.

కాబట్టి రాయ్‌పూర్, భిలాయ్ తెలుగు సంఘాల పెద్దలకు నాదో విన్నపం. సంక్రాంతికి ముగ్గుల పోటీ, పతంగుల పోటీ ఎలాగూ పెడతారు. ఈసారి పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఫుట్‌బాల్ నాకౌట్ కూడా పెట్టండి. జట్టుకు ఐదుగురు చాలు. సగం ఆట బలహీనమైన కాలితోనే ఆడాలి, బలమైన కాలు తగిలితే బంతి ఎదుటి జట్టుకు. మిగతా సగంలో డ్రిబ్లింగ్ ఉండదు, మూడో తాకిడికి ఫౌల్. ఆడపిల్లల జట్లు తప్పకుండా ఉండాలి. ఫైనల్ సమమైతే షూటౌట్ వద్దు, మరుసటి రోజు సాయంత్రం మళ్లీ ఆడించండి. కప్పు మీద సయ్యద్ అబ్దుల్ రహీం పేరు తెలుగులో చెక్కించండి. మైదానం, బంతులు, విజిల్ పట్టుకునే రిఫరీ దొరికితే చాలు, మిగతాదంతా పిల్లలే చూసుకుంటారు.